విడిపోని జత

ఇంగ్లీషు మేడమ్ రోజూ గంట కొట్టడానికి పావుగంట ముందే బడికి వచ్చేది. వచ్చీ రాగానే తన గది కిటికీలు తెరిచి, బల్ల మీది సుద్దపొడి తుడిచి, బీరువాలోంచి ఒక పాత బూట్ల డబ్బా తీసి బల్ల మధ్యలో పెట్టేది. మూత అంచులు ఎన్నిసార్లు చిరిగాయో అన్నిసార్లు అంటించుకుంటూ వచ్చింది. పిల్లలు దాన్ని జంటల పెట్టె అనేవాళ్ళు.

అందులో ఉండేవి అట్ట కార్డులు, ఒక్కో కార్డు మీద ఒక్కో ఇంగ్లీషు మాట. రెయిన్ ఒకదాని మీద, కోట్ ఇంకోదాని మీద. ఫుట్ ఎక్కడో అడుగున, పాత్ ఎక్కడో పైన. పిలిచిన పిల్ల కళ్ళు మూసుకుని ఒక కార్డు తీయాలి, కళ్ళు తెరిచి దాని జోడీని వెతికి పక్కన పెట్టాలి. జోడీ తప్పైతే ఏమీ జరగదు. సరైన జోడీ అయితే రెండు కార్డులూ టక్కున అతుక్కుపోతాయి. ఇక వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ కలిసిన మాట పెట్టి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాలి. వాక్యంలో తప్పు ఉండకూడదు, అబద్ధమూ ఉండకూడదు. అప్పుడు వాటంతట అవే విడిపోతాయి.

ఈ సంగతి ఆ బడిలో అందరికీ తెలుసు, ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. కుట్టు టీచరు ఒకసారి పంతానికి పోయి అతుక్కున్న జత మధ్యలో కత్తెర దూర్చి, కత్తెర మొన విరగ్గొట్టుకుంది. దాంతో ఆవిడ తిక్క కుదిరింది. పెద్ద మేడమ్, అంటే హెడ్మిస్ట్రెస్, పట్టించుకునేది ఒక్కటే. ఏడాది చివర నూట పన్నెండు జతలూ విడివిడిగా పెట్టెలో ఉండాలి.

ఆ రోజు మూడో వరస పిల్ల ఒకతికి గోల్డ్, ఫిష్ వచ్చాయి.

"ఐ హావ్ ఎ గోల్డ్‌ఫిష్," అంది ఆ పిల్ల గొప్పగా.

కార్డులు కదల్లేదు.

"మేడమ్, దానింట్లో కనీసం పిల్లి కూడా లేదు మేడమ్!" అని వెనక బెంచీ అరిచింది. క్లాసంతా గొల్లుమంది.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. కాసేపు ఆలోచించి, "ఐ వాంట్ ఎ గోల్డ్‌ఫిష్," అంది మెల్లగా. కార్డులు విడిపోయాయి.

"చూశారా? వాక్యం అందంగా ఉంటే చాలదు. నోరు చెప్పేది మనసుకి తెలిసుండాలి," అంది ఇంగ్లీషు మేడమ్. ఇరవై ఏడేళ్ళుగా చెబుతున్న మాటే. ఈ మూడేళ్ళుగా మాత్రం చెప్పిన ప్రతిసారీ పిల్లల వైపు కాకుండా కిటికీ వైపు చూస్తోంది.

ఎందుకంటే పెట్టెలో అసలు కార్డులు నూట పదకొండు జతలే. నూట పన్నెండో జత, సన్, రైజ్, ఆవిడ ఇంట్లో బీరువా పై అరలో దుప్పట్ల మడతల్లో ఉంది. అతుక్కునే ఉంది.

దాని బదులు ఆవిడే అట్ట కత్తిరించి కొత్త జత రాసి పెట్టెలో వేసింది. రాత అచ్చంగా అదే. కానీ ఆ కొత్తవి పక్కపక్కన పెడితే అతుక్కోవు. ఒకసారి ఎవరో పిల్ల, "మేడమ్, ఇవి అంటుకోవట్లేదు," అంటే, "పాతబడిపోయాయిలే, ఇంకోటి తియ్యి," అంది. పిల్ల నమ్మింది. నమ్మినందుకు ఇంగ్లీషు మేడమ్‌కి ఆ పూట అన్నం సయించలేదు.

మూడేళ్ళ కిందట జరిగిందేమిటంటే, ఆ బడిలో చదువు పూర్తి చేసిన పిల్లల్లోంచి ఒకరిని ఇంగ్లీషు మేడమ్ దగ్గర శిక్షణ టీచరుగా తీసుకోవాలని పెద్ద మేడమ్ నిర్ణయించింది. మూడేళ్ళు పక్కన ఉండి పని నేర్చుకుంటే, మేడమ్ రిటైరయ్యాక ఆ ఉద్యోగం వాళ్ళదే. చివరి వడపోతలో ఇద్దరు మిగిలారు. ఒకతి ఇస్త్రీ కొట్టు ఆయన కూతురు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చేంత పొడుగు, అందుకని అందరూ పొడుగమ్మాయి అనేవాళ్ళు. రెండోది ఇంగ్లీషు మేడమ్ చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక ఆ పిల్ల పెద్దమ్మ దగ్గరే పెరిగింది. తెలివికి లోటు లేదు గానీ పొద్దున్నే లేవడం అంటే మాత్రం దానికి ప్రాణం పోయినంత పని. టీచర్లు ముద్దుగా నిద్రగన్నేరు అని పిలిచేవాళ్ళు.

పరీక్ష జంటల పెట్టెతోనే. పొడుగమ్మాయికి రెయిన్, కోట్ వచ్చాయి. మా నాన్న తన రెయిన్‌కోటు ఎవరికో ఇచ్చి తడుస్తూ ఇంటికొచ్చాడని ఇంగ్లీషులో చెప్పింది. చెప్పడం ఆలస్యం, కార్డులు ఎంత విసురుగా విడిపోయాయంటే ఒకటి బల్ల దాటి వెళ్ళి పడింది. నిద్రగన్నేరుకి సన్, రైజ్ వచ్చాయి.

"ఐ సీ ది సన్‌రైజ్ ఎవ్రీ డే," అంది.

వాక్యంలో వేలు పెట్టడానికి లేదు. కానీ ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి దాని మీది దుప్పటి లాగింది ఇంగ్లీషు మేడమే. కార్డులు అతుక్కునే ఉన్నాయి. విడిపోయిన కార్డుల్ని రెండు చేతులతో ఎత్తి చూపించడం అక్కడి పద్ధతి. ఇంగ్లీషు మేడమ్ చెల్లెలి కూతురి మొహం చూసింది. దాని పెదవులు పాలిపోయాయి. మేడమ్ చేతులు ఆవిడని అడక్కుండానే కదిలాయి. అతుక్కున్న జతని రిజిస్టరు కిందికి తోసి, పెట్టెలోంచి వేరే రెండు కార్డులు తీసి, మాట కనబడకుండా వెనక వైపు తిప్పి ఎత్తింది.

"విడిపోయాయి," అంది.

పెద్ద మేడమ్ రాసుకుంది. ఇద్దరికీ సమానం. సమానమైతే ఎంచుకునే హక్కు ఇంగ్లీషు మేడమ్‌ది. "ఇంట్లో కూడా ఇంగ్లీషు వింటూ పెరిగిన పిల్ల కదా," అని కూతురి వరసైన ఆ పిల్ల పేరే చెప్పింది. పొడుగమ్మాయి ఇద్దరికీ నమస్కారం పెట్టి, తల వంచుకుని తలుపు దాటి వెళ్ళింది.

అప్పటినుంచీ ఇంగ్లీషు మేడమ్ ఇస్త్రీ కొట్టు ఉన్న వీధిలోకి పోలేదు. బట్టలు రెండు వీధులు దాటి వేరే చోట ఇచ్చేది. ఆ కొట్టువాడు చీర అంచులు తడి తడిగానే మడిచి ఇచ్చేవాడు. ఏమీ అనకుండా తెచ్చుకునేది. తనకి అదే తగిన ఇస్త్రీ అనిపించేది.

ఇప్పుడు రిటైర్మెంటుకి మూడు రోజులుంది. పెద్ద మేడమ్ కబురు పంపింది. శనివారం పెట్టె అప్పగింత. ప్రతి జతనీ కలిపి, విడదీసి చూశాకే కొత్త టీచరు పేరు మీద సంతకం.

"లే తల్లీ, ఏడున్నరయింది," అని ఇంగ్లీషు మేడమ్ దుప్పటి లాగింది.

"ఇంకో ఐదు నిమిషాలు పెద్దమ్మా."

"నీ ఐదు నిమిషాలు గంటన్నర ఉంటాయని నాకు తెలుసు. శనివారం పెట్టె అప్పగించాలి. ఆ సన్‌రైజ్ జత సంగతేం చేద్దాం?"

దుప్పటి కింద కదలిక ఆగింది. "ఎప్పుడో అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావు పెద్దమ్మా? నూట పన్నెండు జతల్లో ఆ ఒక్కటే పట్టుకుని చూస్తారా ఏంటి?"

"పెద్ద మేడమ్ చూస్తుంది."

"అయితే నువ్వే ఏదో ఒక నిజం చెప్పి విడదీసెయ్యి. నీకు రాని వాక్యాలా?"

ఆవిడకి రాని వాక్యాలా! మర్నాడు చీకటి విడవకముందే డాబా ఎక్కి, చలికి వణుకుతూ నిలబడి, సూర్యుడు పక్కింటి నీళ్ళ ట్యాంకు మీదుగా పైకి వచ్చేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. దుప్పట్లలోంచి తెచ్చిన కార్డుల్ని అరచేతిలో పెట్టుకుని, "ఐ సా ది సన్‌రైజ్ టుడే," అంది. కదల్లేదు. కాలం మార్చి చెప్పింది, క్రియ మార్చి చెప్పింది, ఇష్టమని చెప్పింది, అందంగా ఉందని చెప్పింది. అన్నీ నిజాలే, ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. కార్డులు రాయిలా ఉన్నాయి. అవి ఏ వాక్యం కోసం కూర్చున్నాయో ఆవిడకి తెలుసు. తెలిసే మిగతావన్నీ చెప్పింది.

అప్పుడొక ఉపాయం తోచింది. ఆ ఉపాయం గుర్తొచ్చి ఆవిడ తర్వాత చాలా రోజులు అద్దంలో తన మొహం చూసుకోలేకపోయింది. పొడుగమ్మాయి చేతిలో కార్డులు ఎగిరి పడతాయి. ఆ పిల్ల రోజూ తెల్లారకముందే లేస్తుంది. ఒక్క వాక్యం దాని చేత చెప్పిస్తే చాలు. జత విడిపోతుంది, పెట్టె నిండుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక ఇంగ్లీషు మేడమ్ మూడేళ్ళుగా తొక్కని వీధిలోకి నడిచింది.

కొట్టు అలాగే ఉంది. అంచులు మాడిన పాత కంబళ్ళు నాలుగైదు మడతలు పరిచిన బల్ల, మూతకి చిల్లులు పొడిచిన నీళ్ళ సీసా, ఇళ్ళ నంబర్లు చీటీల మీద రాసి గుచ్చిన బట్టల దొంతరలు. తండ్రి మూటలు ఇవ్వడానికి వెళ్ళినట్టున్నాడు. పొడుగమ్మాయి ఒక్కతే ఉంది, తెల్ల చొక్కా చేతులు చాపి పరుస్తోంది.

"రండి మేడమ్! ఎన్నాళ్ళకి! మా కొట్టు మీద అలిగారా ఏంటి?" అని గబగబా స్టూలు తుడిచి వేసింది. "నాన్న రోజూ అంటారు, మేడమ్ గారి బట్టలు రావడం మానేశాయి, మనమేం తప్పు చేశామో అని."

"తప్పా? ఛ ఛ, మీరేం చేస్తారమ్మా," అని ఇంగ్లీషు మేడమ్ కూర్చుంది. బ్యాగులోంచి కార్డులు తీయడానికి చాలాసేపు పట్టింది. "ఇదిగో, ఈ జత బిగుసుకుపోయింది. పిల్లలెవరికీ రావట్లేదు. నువ్వొక వాక్యం చెప్పు చూద్దాం."

పొడుగమ్మాయి మొహం వెలిగింది. చేతులు రెండూ బట్టకి తుడుచుకుని మరీ అందుకుంది. "అబ్బ, వీటిని పట్టుకుని ఎన్నేళ్ళయింది మేడమ్!" అని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "మై ఫాదర్ వేక్స్ మీ బిఫోర్ సన్‌రైజ్."

కార్డులు కదల్లేదు.

"వుయ్ స్టార్ట్ వర్క్ ఎట్ సన్‌రైజ్."

కదల్లేదు. ఆ పిల్ల మరో రెండు చెప్పింది. మూడోది చెప్పబోయి ఆగి నవ్వేసింది. కార్డుల్ని జాగ్రత్తగా బల్ల చివర పెట్టి ఇస్త్రీపెట్టె అందుకుంది.

"తుప్పు పట్టింది మేడమ్ నా ఇంగ్లీషు. మడతల్లో పెట్టే ఇంగ్లీషు పేపర్లు చదువుతూనే ఉంటాను, అయినా చాల్లేదు. ఆ రోజు కూడా నాదే ఎక్కడో తేడా వచ్చుంటుంది. లేకపోతే మీరు నన్ను వద్దంటారా? ఆ రెయిన్‌కోటు వాక్యాన్ని మూడేళ్ళుగా తిరగేసి మరగేసి చూస్తున్నాను మేడమ్. అందులో తప్పేంటో మీరైనా చెప్తారా? సిగ్గుపడి ఇన్నాళ్ళూ అడగలేదు."

ఇంగ్లీషు మేడమ్‌కి కొట్టు గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది. ఉద్యోగం పోగొట్టిన సంగతి ఆవిడకి తెలుసు, మూడేళ్ళుగా దాన్నే మోస్తోంది. కానీ ఈ పిల్ల తప్పులేని వాక్యంలో తప్పు వెతుక్కుంటూ, తనని తానే తక్కువ చేసుకుంటూ బతుకుతోందని కలలో కూడా అనుకోలేదు. దొంగతనం ఒకటే చేశాననుకుంది, రెండు చేసింది.

"నీ వాక్యంలో తప్పు లేదు," అంది.

"మరి?"

తెలుగులో చెప్పబోతే నోరు పెగల్లేదు. ఇరవై ఏడేళ్ళ అలవాటు, ఇంగ్లీషే ముందు వచ్చింది. కార్డుల వైపు చూస్తూ, పిల్లలకి డిక్టేషన్ చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. "ఐ హిడ్ దిస్ సన్‌రైజ్ అండ్ టోల్డ్ ఎ లై."

బల్ల చివర చిన్న చప్పుడైంది. సన్ ఒక పక్కకి, రైజ్ ఒక పక్కకి జరిగాయి.

ఆ తర్వాత తెలుగు కూడా వచ్చింది. దాచానంది, అబద్ధం చెప్పానంది. రిజిస్టరు సంగతి చెప్పింది, వెనక్కి తిప్పిన కార్డుల సంగతి చెప్పింది, ఇప్పుడు ఈ కొట్టుకి ఎందుకు వచ్చిందో ఆ సంగతీ దాచకుండా చెప్పింది. తల్లిలేని పిల్ల అని తనకి తాను చెప్పుకున్న మాట మాత్రం చెప్పలేదు. అది ఇక్కడ చెల్లదని తెలుసు.

కాలిన వాసన వచ్చింది. పొడుగమ్మాయి ఉలిక్కిపడి ఇస్త్రీపెట్టె ఎత్తింది. తెల్ల చొక్కా వీపు మీద గోధుమ రంగులో దాని ముద్ర పడిపోయింది.

"మూడేళ్ళలో ఒక్క బట్ట కాల్చలేదు నేను," అంది ఆ పిల్ల, మచ్చనే చూస్తూ. పర్వాలేదు మేడమ్ అంటుందేమోనని ఇంగ్లీషు మేడమ్ భయపడింది, ఆశపడింది కూడా. ఆ పిల్ల అనలేదు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కార్డుల్ని దగ్గరికి లాక్కుంది. సన్ పక్కన రైజ్ పెట్టింది. టక్కున అతుక్కున్నాయి. వాటిని ఇంగ్లీషు మేడమ్ ఒళ్ళో పెట్టింది.

"ఇక్కడ విడిపోతే నాకొక్కదానికే తెలుస్తుంది మేడమ్. రేపు పెద్ద మేడమ్ ముందు విడదీయండి."

"నువ్వూ రావాలి," అంది ఇంగ్లీషు మేడమ్.

"వస్తాను. ఈ చొక్కావాళ్ళకి ముందు జవాబు చెప్పుకుని వస్తాను."

శనివారం పెద్ద మేడమ్ గదిలో రిజిస్టరు తెరిచి ఉంది, దాని పక్కన సంతకానికి సిద్ధంగా నియామకం కాగితం ఉంది. నిద్రగన్నేరు ఎప్పటిలాగే పది నిమిషాలు ఆలస్యంగా, తడి జుట్టుతో వచ్చింది. తలుపు దగ్గర పొడుగమ్మాయిని చూసి అక్కడే నిలబడిపోయింది.

ఇంగ్లీషు మేడమ్ జంటల పెట్టె బల్ల మీద పెట్టింది. తను రాసిన దొంగ జతని తీసి చించి పక్కన పడేసింది. అసలు జతని పెద్ద మేడమ్ ఎదురుగా ఉంచింది. నిన్న చెప్పిన వాక్యమే కదా, సులువుగా వస్తుందనుకుంది. చెల్లెలి కూతురు చూస్తుండగా అది నిన్నటికంటే పదింతలు బరువైంది.

"పెద్దమ్మా, వద్దు," అంది నిద్రగన్నేరు.

ఇంగ్లీషు మేడమ్ చెప్పింది. కార్డులు విడిపోయాయి.

పెద్ద మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇంగ్లీషు మేడమ్ తెలుగులో మిగతాదంతా చెప్పేవరకూ వింది. తర్వాత నిద్రగన్నేరు వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"నా చేతికి తెలిసింది మేడమ్, విడిపోలేదని," అంది ఆ పిల్ల నేల చూస్తూ. "పెద్దమ్మ విడిపోయాయంది. అప్పుడు నోరు మూసుకున్నాను. ఆ తర్వాత తెరవడం చేతకాలేదు." టీచరుగా తనకిచ్చిన సుద్దముక్కల డబ్బా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. పెద్దమ్మ వైపు చూడకుండా బయటికి నడిచింది. ఇంగ్లీషు మేడమ్ రెండడుగులు వేసి ఆగిపోయింది. ఒక పిల్లకి చేసిన అన్యాయం తీర్చడానికి ఇంకో పిల్లని నలుగురిలో తలవంచేలా చేసింది. రెండూ తన చేతులే చేశాయి.

"మూడేళ్ళ కిందటి పరీక్ష మళ్ళీ పెడదాం. ఇటు రా అమ్మా, ఒక కార్డు తియ్యి," అంది పెద్ద మేడమ్.

పొడుగమ్మాయి కళ్ళు మూసుకుని తీసింది. క్లాస్ అని ఉంది. పెట్టెలో వెతికి రూమ్ పట్టుకుంది. రెండూ అతుక్కున్నాయి. ఏ నిజం చెప్పినా విడిపోతాయి. క్లాస్‌రూమ్‌లో నాలుగు కిటికీలున్నాయంటే చాలు, ఒకప్పుడు అక్కడ కూర్చున్నానంటే చాలు. ఆ పిల్ల ఇవన్నీ ఆలోచించినట్టే ఉంది. తలెత్తి, గొంతు సవరించుకుంది.

"దిస్ ఈజ్ మై క్లాస్‌రూమ్," అంది.

కార్డులు కదల్లేదు. గదిలో ఎవరూ కదల్లేదు. పొడుగమ్మాయి మాట మార్చలేదు, ఇంకో వాక్యం వెతుక్కోలేదు. కార్డుల మీద చెయ్యి ఆన్చి నిలబడింది.

పెద్ద మేడమ్ కార్డుల్ని చూసింది, ఆ పిల్లని చూసింది. కళ్ళద్దాలు పెట్టుకుని నియామకం కాగితం దగ్గరికి లాక్కుంది. ఉన్న పేరు కొట్టేసి ఇంకో పేరు రాసింది. "నువ్వు పని నేర్చుకునేదాకా ఇంగ్లీషు మేడమ్ వెనక బెంచీలో కూర్చుంటారు. రిటైర్మెంటు అప్పటిదాకా లేదు. కుర్చీ మాత్రం నీదే," అని కింద సంతకం పెట్టింది.

పెన్ను మూత పెట్టేలోపే కార్డులు విడిపోయాయి. ఒకటి ఎగిరి బల్ల దాటి ఇంగ్లీషు మేడమ్ కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ వంగి, అది తీసి, రెండు చేతులతో అందించింది. పొడుగమ్మాయి దాన్ని తీసుకుని, రెండోదాంతో పాటు పెట్టెలో వేసి, మూత పెట్టుకుంది.